మచ్చ చిన్నదే, నొప్పి అంత పెద్దదెట్టా అయింది?

ప్రశ్న: అక్కా నమస్తే. మాది కావలి దగ్గర పల్లె. మా మామకి 66 ఏళ్ళు, ప్రోస్టేట్ క్యాన్సర్. కుడి తొడ ఎముకకీ తుంటికీ పాకిందని స్కానింగ్‌లో తేలింది. ఎక్స్‌రేలో మాత్రం మచ్చ చిన్నదే అన్నారు. కానీ ఆయన నొప్పి చూడలేకపోతున్నాం, దుప్పటి తగిలినా అరుస్తాడు, పక్కకి తిప్పితే ఏడుస్తాడు. జీవితమంతా వడ్ల మూటలు మోసిన మనిషి. మా అత్త అంత చిన్న మచ్చకి ఇంత అరుపా, మనసులో భయం ఎక్కువైంది అంటుంది, పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టిద్దామంటుంది. డాక్టర్ గారు మార్ఫిన్ 10 మిల్లీగ్రాముల మాత్ర 4 గంటలకొకటి రాశారు. మా బావ అది మత్తుమందు, అలవాటైపోద్ది, ఆఖర్లో ఇచ్చేది అని బీరువాలో పెట్టాడు, మరీ అరిస్తే రాత్రి ఒకటి ఇస్తున్నాం. ఊళ్ళో ఆర్‌ఎంపీ రోజూ డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ వేస్తున్నాడు. జబ్బు ఎముకలో ఉంటే పైన చర్మం తాకితే నొప్పేంది? నిజంగా అంత నొప్పి ఉంటదా?

సమాధానం: చెల్లెమ్మా, ఉంటది. మీ మామ చెప్పినంతా నిజం, మూటలు మోసిన మనిషి అరుస్తున్నాడంటే చెప్పకుండా మింగింది ఇంకా ఎక్కువే ఉంటది. అత్తని ఏమనొద్దు, కళ్ళ ముందు భర్త అట్టా ఏడుస్తుంటే జబ్బు పెరగలేదు, ఇది ఉత్త భయమే అని నమ్మాలనిపిస్తది ఎవరికైనా. కానీ ఆ నమ్మకం వల్ల మాత్ర బీరువాలోనే ఉండిపోతోంది, ఆయనకి నిద్ర లేదు, అదే నా బాధ.

ముందు ఎక్స్‌రే సంగతి. ఎక్స్‌రే ఎముకలో సున్నం ఎంత ఉందో చూపిస్తది, నొప్పిని చూపించదు. ఎముకని తినేసే రకం గడ్డ అయితే ఆ చోట సున్నం 30 నుంచి 50 శాతం పోతేగాని ఫిలింలో తెలియదు, ప్రోస్టేట్ క్యాన్సర్‌లో ఎక్కువగా ఎముక పిచ్చిపిచ్చిగా పెరిగి తెల్లగా గట్టిపడతది, అది కూడా ఆలస్యంగానే కనపడతది. అందుకే మచ్చ సైజు చూసి నొప్పి ఇంతే ఉండాలి అని లెక్కగట్టడం నాకు అస్సలు నచ్చదు, డాక్టర్లు చేసినా నచ్చదు. చిన్న మచ్చకి విలవిల్లాడే వాళ్ళున్నారు, ఒళ్ళంతా మచ్చలున్నా నడుచుకుంటూ వచ్చే వాళ్ళున్నారు.

ఎముక అంటే ఎండు కట్టె అనుకుంటాం గానీ దాని మీద సన్నటి పొర ఒకటి ఉంటది, దాని నిండా నరాలే, లోపల మూలుగలో కూడా నరాలున్నాయి. ఎముక పైకి గట్టిపడ్డట్టు కనపడినా, క్యాన్సర్ కణాలు అక్కడ చేరాక ఎముకని కరిగించే కణాలని రెచ్చగొడతాయి, అవి యాసిడ్ వదిలి ఎముకని కరిగిస్తాయి, ఆ యాసిడ్ పక్కనున్న నరాల కొనలకి తగలతది. దాంతో పాటు గడ్డ నుంచి, దాని చుట్టూ చేరిన కణాల నుంచి నొప్పి పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లు, ఎండోథెలిన్, నరాలని పెంచే ఎన్‌జీఎఫ్ అనే పదార్థం ఊరుతుంటాయి. ఈ ఎన్‌జీఎఫ్ తగిలితే నరాలు ఊరికే ఉండవు, కొత్త కొమ్మలు వేస్తాయి. అమెరికాలో పాట్రిక్ మాంటీ అనే శాస్త్రవేత్త బృందం ఎలుకల తొడ ఎముకలో ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలే పెట్టి 2010లో చూపించింది, మామూలు ఎముకలో ఎప్పుడూ కనపడనంత దట్టంగా, చిక్కుపడిపోయి నరాలు మొలిచాయి. మీ మామకి పక్కకి తిప్పితే ప్రాణం పోయినట్టు ఉండేది ఇందుకే, కదిలిన ప్రతిసారీ ఆ చిక్కు మొత్తం లాగినట్టవుద్ది.

ఇది ఎముక దగ్గరి కథ. దుప్పటి ఎందుకు నొప్పి అన్న మీ ప్రశ్నకి జవాబు మాత్రం తొడలో లేదు, వెన్నుపాములో ఉంది.

కాలవకి తూము ఎట్టా ఉంటదో మీకు చెప్పక్కర్లేదు. కాలవలో నీళ్ళు ఎన్ని ఉన్నా తూము తలుపు ఎంత ఎత్తితే పొలానికి అంతే పోతాయి. వెన్నుపాములో వెనక వైపు, ఒంట్లోంచి నరాలు లోపలికి వచ్చే చోట అట్టాంటి ఏర్పాటే ఉంది, 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు ఈ మాట మొదట గట్టిగా చెప్పారు. తొడ ఎముక నుంచి వచ్చే నరమూ, తొడ మీద చర్మం నుంచి వచ్చే నరమూ నడుము దగ్గర ఇంచుమించు ఒకే మెట్టులో లోపలికి వచ్చి అక్కడున్న కణాలకి కబురు చెప్తాయి. మామూలుగా అయితే ఆ చోట పైపొరలో ఉండే కణాలు ఎక్కువ భాగం దెబ్బ, కాలడం, గుచ్చుకోవడం లాంటి వాటికే కదులుతాయి, మెత్తగా తాకితే పట్టించుకోవు. పక్కనే కొన్ని కణాలు గాబా, గ్లైసీన్ అనే రసాయనాలు వదిలి తలుపు కిందికి పట్టి ఉంచుతాయి.

ఇప్పుడు ఎముక నుంచి రాత్రీ పగలూ ఆగకుండా నొప్పి కబుర్లు వస్తున్నాయి అనుకోండి, వారాల తరబడి, నెలల తరబడి. వెన్నుపాములో కణాల మీద ఎన్‌ఎండీఏ అనే ద్వారాలుంటాయి, మామూలప్పుడు వాటికి మెగ్నీషియం అడ్డంగా ఉంటది, కబుర్లు ఎడతెగకుండా కొడుతుంటే ఆ అడ్డు తొలగిపోయి క్యాల్షియం లోపలికి వస్తది, అప్పుడు అదే కబురుకి ఆ కణం ముందుకంటే ఎన్నో రెట్లు గట్టిగా అరుస్తది. తలుపు ఎత్తిందెత్తినట్టే ఇరుక్కుపోతది, చిన్న అల వచ్చినా పొలం మునుగుద్ది. లండన్‌లో కొందరు ఎలుకల మీద 2003లో ఇదే కొలిచి చూశారు. మామూలు ఎలుకల వెన్నుపాము పైపొరలో తాకినా గుచ్చినా రెండింటికీ పలికే కణాలు 26 శాతం ఉంటే, ఎముకలో క్యాన్సర్ పెట్టిన ఎలుకల్లో అవి 47 శాతం అయ్యాయి. అంటే తాకిడి కబురు నొప్పి దారిలో పడిపోతోంది. దుప్పటి బరువు మెదడుకి దెబ్బ లాగా చేరుతోంది. మీ మామ చర్మానికి ఏ జబ్బూ లేదు, ఆయన మనసుకీ ఏ లోపమూ లేదు.

మాంటీ బృందమే 1999లో ఇంకో సంగతి చెప్పింది, నాకు చదివిన ప్రతిసారీ ఒళ్ళు ఝల్లుమనేది ఇదే. క్యాన్సర్ ఉన్న కాలు వైపే, వెన్నుపాములో నరకణాలకి సాయంగా ఉండే ఆస్ట్రోసైట్లు అనే కణాలు బాగా ఉబ్బిపోయాయి. నరకణాలు చచ్చిపోలేదు, అక్కడే ఉన్నాయి, కానీ వాటి చుట్టుపక్కల అంతా మారిపోయింది. డైనార్ఫిన్ అనే రసాయనం పెరిగింది. మామూలు ఎలుకకి ఏమీ అనిపించనంత మెల్లగా ఆ కాలిని నొక్కితే చాలు, నొప్పి తగిలినప్పుడు మాత్రమే కనపడాల్సిన గుర్తులు ఆ కణాల్లో కనపడ్డాయి. నోరులేని ఎలుక నటించదు కదా అక్కా అని మీ అత్తకి చెప్పండి, నా మాటగా చెప్పండి.

2000లో వాళ్ళే మూడు రకాల నొప్పులని పక్కపక్కన పెట్టి పోల్చారు, వాపు నొప్పి, నరం తెగిన నొప్పి, ఎముక క్యాన్సర్ నొప్పి. వాపు నొప్పిలో వెన్నుపాములో కొన్ని రసాయనాలు పెరిగాయి, నరం తెగితే అవే తగ్గి వేరేవి పెరిగాయి, క్యాన్సర్ నొప్పిలో ఈ రెండూ జరగలేదు, ఆస్ట్రోసైట్ల మార్పు మాత్రం విపరీతంగా ఉంది. అంటే ఇది కీళ్ళనొప్పి లాంటిది కాదు, షుగర్ వాళ్ళ కాళ్ళమంట లాంటిది కూడా కాదు, దీని దారి దీనిదే. మీ ఆర్‌ఎంపీ గారు వేసే డైక్లో సూది వాపు భాగాన్ని కొంచెం తగ్గిస్తది, వెన్నుపాములో ఇరుక్కున్న తలుపుని అది ముట్టుకోదు. పైగా రోజూ వేయించడం ప్రమాదం. ఈ వయసులో, ప్రోస్టేట్ జబ్బున్న మనిషికి రోజూ డైక్లో అంటే కిడ్నీలు దెబ్బతినొచ్చు, కడుపులో పుండ్లు పడి రక్తం పోవచ్చు. ఆపించండి, ఆ మాట ఆయనతో మర్యాదగానే చెప్పొచ్చు. ఒకసారి కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించండి, ఆ రిపోర్టు మార్ఫిన్‌కి కూడా అవసరం, ఎందుకంటే కిడ్నీలు పనిచేయకపోతే మార్ఫిన్ విరిగి వచ్చే పదార్థాలు ఒంట్లో పేరుకుంటాయి, అప్పుడు డాక్టర్ డోసు తగ్గించడమో చర్మానికి అంటించే ఫెంటానిల్ పట్టీకి మార్చడమో చేస్తారు.

ఇప్పుడు మీ బావ సంగతి, అంటే మార్ఫిన్ సంగతి. మార్ఫిన్ పనిచేసే ముఖ్యమైన చోటు ఆ వెన్నుపాములోని తలుపే, లోపలికొచ్చే నరం కబురు చెప్పకుండా ఆపుద్ది, కబురు అందుకునే కణాన్ని చల్లబరుస్తది. మందు అంత సరిగ్గా వెళ్ళాల్సిన చోటికి వెళ్తుంటే దాన్ని బీరువాలో పెట్టి ఎవరిని కాపాడుతున్నట్టు? ఆఖర్లో ఇచ్చేది అన్న మాట ఎవరు పుట్టించారో గానీ ఎంతమందిని ఏడిపించిందో. నొప్పికి మందు ఇవ్వాల్సింది నొప్పిని బట్టి, ఎన్నాళ్ళు బతుకుతాడన్న లెక్కని బట్టి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే క్యాన్సర్ నొప్పికి మందు నోటి ద్వారా ఇవ్వండి, గడియారం చూసి ఇవ్వండి అని చెప్పింది. గడియారం చూసి అన్నది ఎందుకో పైన చెప్పినదాన్ని బట్టే అర్థమవుద్ది. అరిచినప్పుడు ఒక మాత్ర ఇస్తే ఆ 4 గంటలు ఆగుద్ది, మళ్ళీ 20 గంటలు వెన్నుపాము దెబ్బలు తింటూనే ఉంటది, రోజురోజుకీ ఇంకా తేలిగ్గా రెచ్చిపోతది, అప్పుడు ఇంకా ఎక్కువ మందు కావాల్సి వస్తది. మందు దాచిపెట్టి మందు పెంచుకుంటున్నట్టే ఇది.

అందుకని డాక్టర్ రాసినట్టే 4 గంటలకి ఒకటి, పొద్దున 6కి, 10కి, మధ్యాహ్నం 2కి, సాయంత్రం 6కి, రాత్రి 10కి, అర్ధరాత్రి దాటాక 2కి. అర్ధరాత్రి లేపి ఇవ్వకుండా రాత్రి 10కి రెండు డోసులు కలిపి ఇచ్చే పద్ధతి ఉంది, మీ డాక్టర్‌ని అడిగి ఆయన సరే అంటేనే అట్టా చేయండి. మధ్యలో నొప్పి ఎగదన్నితే అదనంగా ఎంత ఇవ్వాలో కూడా చీటీ మీద రాయించుకోండి, మామూలుగా రోజు మొత్తం డోసులో పదో వంతు నుంచి ఆరో వంతు దాకా ఉంటది అది. స్నానం చేయించే ముందో బట్టలు మార్చే ముందో అర్ధగంట, ముప్పావుగంట ముందుగా ఆ అదనపు డోసు ఇవ్వొచ్చా అని తప్పకుండా అడగండి. తిప్పితే ఏడుస్తాడు అన్నారే, దానికి ఇది బాగా పనికొస్తది.

అలవాటు గురించి భయం నాకు తెలుసు, మన వైపు ఊళ్ళల్లో తాగుడు ఇళ్ళని ఏం చేసిందో చూశాం కాబట్టి మత్తు అన్న మాట వినగానే గుండె దడ పుడతది. కానీ నొప్పి ఉన్న మనిషికి డాక్టర్ కొలిచి ఇచ్చే మాత్రకీ, సుఖం కోసం వెతుక్కుపోయి వేసుకునేదానికీ పోలిక లేదు. ఒళ్ళు మందుకి అలవాటు పడుద్ది, నిజమే, అందుకే ఒక్కసారిగా ఆపకూడదు, నొప్పి తగ్గితే డాక్టరే మెల్లగా దించుతారు. డోసు పెరిగితే మీ బావ చూశారా అలవాటైపోయింది అంటాడేమో, దానికి కూడా సమాధానం ఉంది. 2002లో ఎలుకల్లో చూస్తే, అంతే తీవ్రత ఉన్న వాపు నొప్పిని ఆపే మార్ఫిన్ కంటే ఎముక క్యాన్సర్ నొప్పిని ఆపడానికి పది రెట్లు మార్ఫిన్ కావాల్సి వచ్చింది. ఈ నొప్పే అట్టాంటిది. మీ మామ వ్యసనపరుడై ఎక్కువ అడగడు.

మొదటి రెండు మూడు రోజులు మగతగా పడుకుంటాడు, చాలా రాత్రుల నిద్ర బాకీ కూడా తీర్చుకుంటాడు, కొందరికి వికారం ఉంటది, ఈ రెండూ తగ్గిపోతాయి. తగ్గనిది మలబద్ధకం ఒక్కటే. మార్ఫిన్ మొదలైన రోజు నుంచే విరేచనం మందు కూడా రోజూ ఇవ్వాలి, బిసాకొడిల్ గానీ లాక్టులోజ్ గానీ, డాక్టర్ రాయకపోతే అడిగి రాయించుకోండి. ఇది చిన్న విషయం అనుకుని వదిలేసి, కడుపు బిగుసుకుపోయి, ఆ బాధకి మార్ఫినే మానేసిన వాళ్ళని నేను చాలామందిని చూశాను. లేపినా లేవనంత మత్తు, ఊపిరి బాగా మెల్లగా తీయడం కనపడితే మాత్రం తర్వాత డోసు ఇవ్వకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అన్నట్టు ఈ మాత్ర మామూలు మెడికల్ షాపుల్లో దొరకదు, 1985 నాటి మత్తుమందుల చట్టాన్ని 2014లో సవరించాక అనుమతి ఉన్న ఆసుపత్రుల్లోనే ఇస్తారు, కాబట్టి అయిపోయేదాకా ఆగకుండా వారం ముందే తెచ్చుకోండి. బీరువాలో పెట్టడం మంచిదే, పిల్లలకి అందకుండా, తాళం చెవి మాత్రం మీ దగ్గర ఉండాలి.

నరాల మాత్ర రాయమంటారా అని అడిగేవాళ్ళు ఎక్కువ కాబట్టి చెప్తున్నా. గాబాపెంటిన్ ఇస్తే ఎలుకల వెన్నుపాములో రెచ్చిపోయిన కణాలు మామూలుకి వచ్చాయి, అది చూసి అందరం సంతోషపడ్డాం. కానీ మనుషుల్లో, ఎముక నొప్పికి రేడియేషన్ తీసుకునే 233 మందికి దాని తోబుట్టువు లాంటి ప్రిగాబాలిన్ ఇచ్చి చూస్తే మందు లేని ఉత్త మాత్ర కంటే మేలేం కనపడలేదు, 2016లో వచ్చింది ఆ ఫలితం. నరం కూడా నలిగిన నొప్పి అయితే పనికొస్తాయి అవి, డాక్టర్ చూసి చెప్పాలి. బీ12 సూదులు మాత్రం దీనికి కాదు, ఆ డబ్బులు దాచుకోండి.

వెన్నుపాముని చల్లబరిచే ఇంకో దారి ఉంది, కబుర్లు పుట్టే చోటే తగ్గించడం. ఎముకని కరిగించే కణాలని ఆపితే ఎలుకల్లో ఎముక అరుగుదల, నొప్పి తగ్గడమే కాదు, వెన్నుపాములో వచ్చిన ఆ మార్పులు కూడా తగ్గాయని 2000లోనే తేలింది. నాకు బాగా ఆశ కలిగించే మాట ఇది. అదే దారిలో మనుషులకి డెనోసుమాబ్ 120 మిల్లీగ్రాముల సూది, జోలెడ్రోనిక్ యాసిడ్ 4 మిల్లీగ్రాముల సెలైన్ ఉన్నాయి. ఇవి నొప్పిని అప్పటికప్పుడు తీసేవి కావు, ఎముక విరగకుండా, కొత్త ఇబ్బంది రాకుండా కాపాడతాయి. మొదలుపెట్టే ముందు పళ్ళ డాక్టర్‌కి చూపించండి, కదిలే పన్ను ఉంటే ముందే తీయించాలి, తర్వాత పీకిస్తే దవడ ఎముక మానకుండా పోయే ప్రమాదం ఉంది.

రేడియేషన్ మాత్రం తప్పకుండా అడగండి, ఇంతవరకూ ఎవరూ చెప్పలేదంటే నాకు ఆశ్చర్యంగా ఉంది. ఎముక నొప్పికి 8 గ్రే (గ్రే అంటే రేడియేషన్ కొలత) ఒక్కటే సిట్టింగ్ చాలు చాలామందికి, నొప్పి తగ్గించడంలో అది ఎక్కువ సిట్టింగులతో సమానమే, కాకపోతే కొందరికి తర్వాత ఇంకోసారి ఇవ్వాల్సి వస్తది. ఇంచుమించు పదిమందిలో ఆరుగురికి నొప్పి తగ్గుద్ది, ఒకటి నుంచి నాలుగు వారాలు పడుద్ది. మొదటి రెండు మూడు రోజులు నొప్పి పెరగొచ్చు, భయపడొద్దు, అప్పుడు మార్ఫిన్ ఆపొద్దు. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి అయినా చెన్నై అడయార్ క్యాన్సర్ ఆసుపత్రి అయినా ఒక్క సిట్టింగే కాబట్టి రోజుల తరబడి లాడ్జిలో ఉండే పని లేదు. ఎన్టీఆర్ వైద్య సేవ కింద వస్తదేమో ఆసుపత్రిలో ఆ పథకం చూసే వాళ్ళని అడగండి.

పుత్తూరు వద్దు. విరిగిన మంచి ఎముక సంగతి వేరు, ఇది క్యాన్సర్ పాకి బలం పోయిన ఎముక, లాగినా తిప్పినా గట్టిగా మర్దన చేసినా అక్కడే పుటుక్కుమంటది. కాలు కింద మోపి బరువు వేసినప్పుడు నొప్పి ఎక్కువైతే అది విరగబోతున్న గుర్తు కావచ్చు, ఎముకల డాక్టర్‌కి చూపించి ముందుగానే లోపల రాడ్ వేయించాలేమో అడగండి. అప్పటిదాకా ఆ కాలి మీద బరువు వేయనివ్వొద్దు. తిప్పేటప్పుడు ఆయన కింద మడత దుప్పటి పరిచి ఇద్దరు చెరో వైపు పట్టుకుని నడుము, తొడ, కాలు ఒకేసారి కదిలేట్టు తిప్పండి. పైన కప్పే దుప్పటి కాలికి తగలకుండా, రెండు వైపులా ఎత్తుగా ఏదన్నా పెట్టి దాని మీద కప్పండి. కాలు నిమరాలనిపిస్తే ఎడమ కాలు నిమరండి, చెయ్యి పట్టుకోండి, ముట్టుకోవడమే మానేయొద్దు.

ఒక్క విషయం బావకీ అత్తకీ ఇద్దరికీ వినిపించేట్టు చదవండి. నడుము నొప్పి కొత్తగా మొదలై ఎక్కువవుతూ కాళ్ళల్లో బలం తగ్గినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం బిగదీసినా, తెలియకుండా దొడ్డికి అయిపోయినా, గడ్డ వెన్నుపామునే నొక్కుతోందని అర్థం. తెల్లారనిద్దాం, సోమవారం పోదాం అనుకోవద్దు. అదే రాత్రి బయల్దేరండి, అంబులెన్స్‌లో పడుకోబెట్టే తీసుకెళ్ళండి, వెళ్ళగానే క్యాన్సర్ పేషెంట్, కాళ్ళు పడిపోతున్నాయి, ఎంఆర్‌ఐ కావాలి అని మొదటి మాటగా చెప్పండి. నడవగలిగి ఉండగా వైద్యం మొదలైతే నడక చాలావరకు నిలుస్తది, పూర్తిగా పడిపోయాక తిరిగి రావడం కష్టం. విపరీతమైన దాహం, మాట తడబాటు, మనుషుల్ని పోల్చుకోకపోవడం కనపడితే రక్తంలో క్యాల్షియం పెరిగిందేమో, దానికీ అదే రోజు పరీక్ష చేయించాలి.

రేపు పొద్దున 6 గంటల డోసుతో మొదలుపెట్టండి చెల్లెమ్మా. ఒక నోట్‌బుక్‌లో టైమూ, నొప్పి పదికి ఎంత అని ఆయన చెప్పిన అంకే రాయండి, మీరు అనుకున్న అంకె వద్దు. రెండు మూడు రోజులకి కూడా తగ్గకపోతే ఆ నోట్‌బుక్ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, డోసు సరిచేయడానికి వాళ్ళకి కావాల్సింది అదే.